కుసుమ టీచర్ ఎడమ మోకాలు

ఆ ఆదివారం పొద్దున కుసుమ టీచర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి స్టూడియోకి వెళ్ళాలి. అవనిగడ్డ ఉత్సవానికి కొత్తగా కట్టిన అంశంలో చివరి తిరుగుడు పిల్లలకి మళ్ళీ ఒక్కసారి, ఒకే ఒక్కసారి చేసి చూపించాలి. పదిన్నరకల్లా ఇంటికొచ్చి, తలుపేసుకుని, ఎడమ మోకాలికి నొప్పుల నూనె రాసుకోవాలి. మొదటి రెండు పనులూ ఊరంతా చూసినా ఫరవాలేదు. మూడోది మాత్రం భర్త బాబూరావు గారికి తప్ప పురుగుకి కూడా తెలియకూడదు.

మోకాలు పట్టుకుని అప్పటికి ఐదు రోజులైంది. మెట్లెక్కేటప్పుడు ఊరుకుంటుంది, దిగేటప్పుడు ప్రాణం తీస్తుంది. "డాక్టరుకి చూపిద్దాం పద కుసుమా, నా మాట విను," అని బాబూరావు గారు రోజూ కాఫీతో పాటు అందిస్తూనే ఉన్నారు.

"చూపిస్తే ఎక్స్‌రే తీయించమంటాడు. అక్కడ మన పిల్లల తల్లి ఎవరో ఒకావిడ కూర్చునే ఉంటుంది. సాయంత్రానికల్లా కుసుమ టీచర్‌కి కాళ్ళు పడిపోయాయిట అని బందరంతా అనేసుకుంటారు."

"పడిపోలేదుగా. నొప్పేగా?"

"డాన్సు టీచరుకి రెండూ ఒకటేనండీ," అని ఆవిడ కుచ్చిళ్ళు బిగించి ఆటో ఎక్కింది.

ఈడేపల్లిలో మందుల షాపు పైన ఉన్న మేడ హాలే పదగతి డాన్స్ స్టూడియో. కింద మందుల షాపు పెట్టుకుని కూడా ఆవిడ నొప్పుల నూనె కోనేరు సెంటర్ దాటి వెళ్ళి, మొహం తెలియని షాపులో కొనుక్కొచ్చిందంటే మీరే అర్థం చేసుకోండి. ఇరవై ఎనిమిదేళ్ళుగా బందరు ఆడపిల్లలు ఆ హాల్లో కూచిపూడి నేర్చుకుంటున్నారు. అక్కడ అద్దం ఉండదు. అద్దం ఉంటే పిల్లలు తమని తాము చూసుకుంటారు, టీచర్ని చూడరు. నోటు పుస్తకం ఉండదు. రాసుకున్నది కాళ్ళలోకి దిగదని ఆవిడ నమ్మకం. ఇక ప్రశ్నలంటారా, ఆ మాటే లేదు. కుసుమ టీచర్ చిన్నప్పుడు మొవ్వ దగ్గరి పల్లెలో ఒక పెద్దాయన దగ్గర ఎనిమిదేళ్ళు నేర్చుకుంది. ఆ ఎనిమిదేళ్ళలో ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది. అడిగి ఉంటే ఆయన ఏమనేవాడో మనకి తెలీదు. పాపం, ఆవిడకీ తెలీదు.

ఆవిడ దగ్గరే నేర్చుకుని ఇప్పుడు గుడివాడ బ్రాంచి నడుపుతున్న దుర్గాశ్రీనివాస్ ఈ మధ్యే స్టూడియోకి ఒక వెబ్‌సైటు పెట్టాడు. 'మా గురువులు, మా శిక్షణ' అనే పేజీ కోసం నాలుగు ముక్కలు చెప్పండి టీచర్ అని బతిమాలితే, ఆవిడ మూడే చెప్పింది: "చూడు, చెయ్యి, అడగకు." శ్రీనివాస్ పొంగిపోయి ఆ మూడు ముక్కల్నీ పెద్దక్షరాలతో ఫ్లెక్సీ వేయించి మెట్ల దగ్గర కట్టాడు. కింద మందుల కోసం వచ్చేవాళ్ళు కూడా అది చదివి, కాస్త బెదిరి, చీటీ అందించి మాట్లాడకుండా నిలబడేవారు.

ఆ పొద్దున శ్రీనివాస్ ఫోను స్టాండు మీద బిగించి సిద్ధంగా ఉన్నాడు. గుడివాడ పిల్లలకి నేర్పాలంటే టీచర్ చేసింది వీడియో తీసుకోవాలి కదా. పద్దెనిమిది మంది పిల్లలు గోడ వారగా నిలబడ్డారు. వాళ్ళలో అందరికంటే ముందు, కళ్ళార్పకుండా చూస్తున్నది హేమ.

హేమకి పదమూడేళ్ళు. కరెంటు లైన్‌మన్ మత్తయి, ధనమ్మల కూతురు. నాలుగేళ్ళుగా ఒక్క క్లాసు మానలేదు. ఈ స్టూడియోలో టీచర్ సరే అన్నదాకా ఎవరి కాలికీ గజ్జె ఎక్కదు. ఈ ఏడాది సరే అన్న నలుగురిలో మొదటి పేరు హేమదే. గజ్జెలు కట్టేముందు పూజ ఉంటుంది, వాళ్ళేమో చర్చికి వెళ్ళే కుటుంబం, ఏమంటారోనని కుసుమ టీచర్ సందేహించింది. మత్తయే వచ్చి తేల్చేశాడు. "మీ పూజ మీరు చేసుకోండి టీచర్ గారూ. ముందు రోజు గజ్జెలు మా ఇంట్లో పెట్టుకుని మేం ప్రార్థన చేయించుకుంటాం. రెండు వైపులా ఎర్తింగ్ ఇచ్చినట్టు ఉంటుంది పిల్లకి." ఆ మాటకి కుసుమ టీచర్ క్లాసులో నవ్వింది. ఆవిడ క్లాసులో నవ్వడం అదొక్కసారే.

సరే, ఆవిడ తాళం వేసే కర్ర పక్కన పెట్టి లేచింది. ఎగిరింది, గాలిలో తిరిగింది, ఎడమకాలి మీద దిగింది. దిగగానే మోకాలు ఠపీమని పట్టేసింది. చెయ్యి దానంతటదే నడుం మీదికి పోయింది. పళ్ళ మధ్యనుంచి 'స్స్' అని ఊపిరి లోపలికి పోయింది. అలా ఒక్క క్షణం కొయ్యబారి, తమాయించుకుని, తర్వాతి అడుగు వేసేసింది. మొత్తం కలిపి కనురెప్ప పాటు. ఎవరూ చూసుండరులే అనుకుంది. కానీ ఆవిడే కదా, చూడండి చూడండి అని ఇరవై ఎనిమిదేళ్ళుగా వాళ్ళకి చూడ్డం నేర్పింది!

"ఊఁ, చెయ్యండి," అంది.

పదిహేడు మంది పిల్లలు ఎగిరారు, తిరిగారు, దిగారు, నడుం మీద చెయ్యేశారు, 'స్స్' అన్నారు. హేమ ఒక్కతే ఎగిరి, తిరిగి, చక్కగా దిగి నిలబడింది. నిలబడి టీచర్ కాలి వంకే చూస్తోంది.

"టీచర్, మోకాలు నొప్పిగా ఉందాండీ?"

 ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ హాల్లో పుట్టిన మొదటి ప్రశ్న అది. పైగా వీడియో తిరుగుతోంది.

"ఏంటన్నావు?"

"దిగినప్పుడు పట్టేసినట్టుంటేనూ, అడిగానండి."

"పట్టెయ్యలేదు. అది అడుగులో భాగం."

"మరి పోయిన ఆదివారం లేదు కదా టీచర్?"

అప్పుడు కుసుమ టీచర్ నవ్వేసి, 'అవునే తల్లీ, మోకాలు చంపేస్తోంది, ఆ కుర్చీ ఇలా లాగు' అని ఉంటే ఈ కథే లేదు. ఆ మాట తర్వాత ఆవిడ ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. కానీ ఆ నిమిషాన ఆవిడకి పిల్ల మొహంలో ఉన్న ఆదుర్దా కనపడలేదు, పదిహేడు మంది వింటున్న సంగతే కనపడింది. "నేను చేసినట్టు చెయ్యి," అంది.

హేమ మళ్ళీ చేసింది. చక్కగా దిగింది. మళ్ళీ చెయ్యమంది. మళ్ళీ చక్కగానే దిగింది. పిల్ల పొగరుకి చెయ్యలేదు, నిజంగానే ప్రయత్నించింది. పదమూడేళ్ళ మోకాలు, ఎక్కడా పట్టేయదు, ఏం చేస్తుంది మరి? "నాకు రావట్లేదు టీచర్," అంది కళ్ళనీళ్ళు పెట్టుకుని.

"అది రాకపోతే ఈ ఏడాది గజ్జెలూ రావు. వెనక్కెళ్ళి నిలబడు."

హేమ వెనక్కెళ్ళి నిలబడింది. క్లాసు అయ్యాక టీచర్ పాదాలకి దణ్ణం పెట్టి, చెప్పులేసుకుని మెట్లు దిగింది. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు.

కుసుమ టీచర్ కర్రతో తాళం వేస్తోందే కానీ చూపంతా గుమ్మం మీదే ఉండేది. ఇంటికెళ్ళాక ఫోను తీసి మత్తయి నెంబరు వెతికేది. తీరా నెంబరు కనపడ్డాక ఏమని చెప్పాలో తోచక ఫోను బల్ల మీద పెట్టేసేది. "చేసెయ్యరాదూ?" అనేవారు బాబూరావు గారు. "చేసి ఏమనాలి? అబద్ధం చెప్పానమ్మా అనాలా?" అనేది ఆవిడ. "అదే అను," అనేవారాయన. ఆ సలహా ఆవిడకి నొప్పుల నూనె కంటే ఘాటుగా ఉండేది.

ఈలోగా గుడివాడ నుంచి ఫోను. "టీచర్, చిన్న సందేహం," అన్నాడు దుర్గాశ్రీనివాస్ భయంభయంగా. "ప్రశ్న కాదండి, సందేహం. మీ వీడియో నలభై సార్లు చూశాను. ఆ చెయ్యి నడుం మీద పడ్డాక విరామం తాళం లెక్కలో ఒకటిన్నర అక్షరాలొచ్చింది నాకు. కరెక్టేనాండీ?"

"ఏ విరామం?" అంది ఆవిడ, తెలిసీ.

"అదేనండి, ఊపిరి పీల్చేది. మరి అది ముక్కుతోనా, పళ్ళ మధ్య నుంచా? గుడివాడ పిల్లలు కొందరు అలా, కొందరు ఇలా చేస్తున్నారు."

కుసుమ టీచర్ నిజం చెప్పడానికి నోరు తెరిచింది కూడా. కానీ నిజం చెప్తే ఆ పిల్లని ఎందుకు వెనక నిలబెట్టినట్టు? ఎందుకు గజ్జెలు లేవన్నట్టు? "పళ్ళ మధ్య నుంచే," అని ఫోను పెట్టేసింది.

అంతటితో ఆగితే బాగుండును. హంసలదీవి చరిత్ర మీద చిన్న చిన్న పుస్తకాలు వేసే రిటైర్డ్ లెక్చరర్ గోపీనాథ్ గారు రిహార్సల్ చూడ్డానికొచ్చారు. ఉత్సవం కరపత్రంలో ఈ అంశం గురించి నాలుగు వాక్యాలు రాయవలసింది ఆయనే. పిల్లలు 'స్స్' అనగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అమ్మా, ఇది హంస శ్వాస కాదూ?"

"ఏంటండీ?"

"కృష్ణ సముద్రంలో కలిసే చోట హంస నీళ్ళ మీద దిగుతుంది. దిగి, ఒక్క క్షణం రెక్క ముడుస్తుంది, ఆ చెయ్యి అదే. ఊపిరి లోపలికి లాక్కుంటుంది. ఎన్నేళ్ళ కిందట పోయిన పద్ధతమ్మా ఇది! మీ గురువు గారు మీ ఒక్కరికే చెప్పి ఉంటారు. ఔనా?"

ఔనంటే అబద్ధం, కాదంటే మోకాలు. ఆవిడ నీళ్ళు నమిలింది. ఆ మౌనం చూసి గోపీనాథ్ గారికి కళ్ళు చెమర్చాయి. గురువు గారి మాట బయట పెట్టకూడదని ఒట్టేసి ఉంటుందని ఆయన శ్రీనివాస్ చెవిలో చెప్పారు. మర్నాటికి వెబ్‌సైట్లో 'హంస శ్వాస: పదగతి ప్రత్యేకత' అని ఎక్కిపోయింది. పెడనలో కలంకారీ అద్దకం పని చేసే శ్యాంబాబు కూతురు ఆ బ్యాచిలోనే ఉంది. ఆయన ఉత్సాహం పట్టలేక హంస అచ్చు కొత్తగా చెక్కించి, ముప్పై రెండు ఓణీలకి అంచు వేయించి పంపాడు. ఓణీలు చూసి పిల్లల తల్లులు మురిసిపోయారు. కుసుమ టీచర్ ఒక ఓణీ చేతిలోకి తీసుకుని, ఆ అంచు పొడవునా బారులు తీరి ఉన్న తన మోకాలి నొప్పిని చూసుకుంది.

విడ్డూరమేమిటంటే ఆ వారంలోనే మోకాలు నయమైపోయింది. నూనె పనిచేసిందో, దానికే విసుగొచ్చిందో. ఆదివారం ఆవిడ ఆనందం పట్టలేక లేచి, ఎగిరి, తిరిగి, కుర్రపిల్లలా దిగింది. ఎక్కడా పట్టు లేదు. పిల్లలందరూ బిక్కమొహాలేశారు. ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. చివరికి శ్యాంబాబు కూతురు వాణి, ప్రశ్న అడగకూడదు కనుక చెయ్యి నడుం మీద పెట్టి చూపించి, మెల్లిగా 'స్స్' అంది.

"ఆఁ, మర్చిపోయాను," అని కుసుమ టీచర్ మళ్ళీ లేచింది. మంచి మోకాలు పెట్టుకుని, నొప్పిని నటిస్తూ, నడుం పట్టుకుని 'స్స్' అంది. పిల్లలు తేలికపడ్డారు. ఆవిడకి మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు. నొప్పి ఉన్నన్నాళ్ళూ లేదని నటించింది. లేకపోయాక ఉందని నటించవలసి వచ్చింది. మధ్యలో, ఉన్నది ఉన్నట్టు అడిగిన పిల్ల ఇంట్లో కూర్చుంది. ఆ పిల్ల కళ్ళనీళ్ళు గుర్తొచ్చి ఆవిడ కంచం పక్కకి జరిపేసింది.

ఉత్సవం రోజు బందరు పిల్లలు పద్దెనిమిది మంది, హేమ చోటులో చేర్చిన కొత్త పిల్లతో కలిపి, గుడివాడ పిల్లలు పద్నాలుగు మంది, రెండు బస్సుల్లో అవనిగడ్డ చేరారు. సాయంత్రం నాలుగింటికి ప్రోగ్రాం. మూడింటికి ఒక జల్లు పడి వెళ్ళింది. మైదానంలో వేసిన స్టేజీ మీద పట్టాలు తడిశాయి. యాంకర్ వాసు మైకు పట్టుకోబోయి "అమ్మో!" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కాస్త షాకు కొట్టిందిట. మైకుకి గుడ్డ చుట్టి, తువ్వాలుతో స్టాండు తుడిచి, నవ్వేసి మొదలుపెట్టారు. జనం కూడా నవ్వారు. మూడో వరసలో కూర్చున్న ఒక్క మనిషి మాత్రం నవ్వలేదు. ఆయన లైన్‌మన్ మత్తయి.

పక్కన ధనమ్మ. ఆ పక్కన హేమ. స్నేహితులు ఆడుతుంటే చూస్తానని పిల్ల పట్టుబట్టి తీసుకురమ్మందిట. తెర సందులోంచి కుసుమ టీచర్ వాళ్ళని చూసింది. ఇప్పుడే వెళ్ళి రెండు మాటలు చెప్పేద్దామా అనుకుంది. అంతలోకే వాసు పేరు చదివేశాడు. గోపీనాథ్ గారు రాసిన నాలుగు వాక్యాలూ చదివాడు. అవి నాలుగు కావు, పద్నాలుగు. హంస శ్వాసని జాగ్రత్తగా గమనించమని కూడా చెప్పవలసింది, కానీ ఆ కాగితం చివర తడిసి చిరిగిపోయింది.

పిల్లలు అద్భుతంగా ఆడారు. ఆ మాట ఒప్పుకోవాలి. ముప్పై రెండు మంది ఒకే మనిషిలా కదిలారు. చివరికి ముక్తాయింపు వచ్చింది. ముక్తాయింపు అన్నాక అదే వరస మూడుసార్లు రావాలి కదా. మొదటిసారి ముప్పై రెండు మందీ ఎగిరి దిగారు. ముప్పై రెండు చేతులు నడుముల మీద పడ్డాయి. ముప్పై రెండు నోళ్ళు 'స్స్' అన్నాయి. జనంలో కబుర్లు ఆగిపోయాయి.

రెండోసారి అదే జరిగేసరికి ముందు వరస తల్లులు లేచి నిలబడ్డారు. "పిల్లలకేదో అవుతోందే!" అని ఎవరో అన్నారు.

మూడోసారి దిగగానే మత్తయి బెంచీ మీదకెక్కి అరిచాడు. "కరెంటు! స్టేజీకి కరెంటొస్తోంది! ఎవరూ పిల్లల్ని ముట్టుకోకండి!"

అంటూనే జనాన్ని తోసుకుంటూ పరుగెత్తి మెయిన్ లాగేశాడు. పాట ఆగిపోయింది, లైట్లు పోయాయి. పాట ఆగినా టీచర్ ఆగమనలేదు కనుక పిల్లలు నడుం మీద చేతులతో, పళ్ళు బిగించి, ఉన్నవాళ్ళు ఉన్నట్టే నిలబడ్డారు. దాంతో జనానికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. ప్లాస్టిక్కుకి కరెంటు అంటదని ఎవరో కేకేశారు. అంతే, తండ్రులందరూ ప్లాస్టిక్ కుర్చీలు ఎత్తుకుని స్టేజీ మీదికి దూకారు. గోపీనాథ్ గారి కింద కుర్చీ కూడా ఎవరో లాగేసుకుపోతే ఆయన తడి నేల మీద కూలబడ్డారు. కుర్చీ కాళ్ళతో పొడిచి పొడిచి ఒక్కొక్క పిల్లనీ స్టేజీ దింపుతున్నారు. శ్యాంబాబు కూతుర్ని దింపబోయి గుడివాడ పిల్లని దింపాడు. తల్లులు ఏడుస్తూ పిల్లల అరికాళ్ళు రుద్దుతున్నారు. పిల్లలు మాత్రం ఎందుకు రుద్దుతున్నారని ఎవర్నీ అడగలేదు.

"ఏం కాలేదు! వాళ్ళకేం కాలేదు!" అని కుసుమ టీచర్ అరుస్తూనే ఉంది. మైకు లేదు, ఎవరు వింటారు?

మత్తయి మళ్ళీ మెయిన్ వేసి, టెస్టర్ తీసుకుని స్టేజీ అంతా పాకి చూశాడు. పట్టాలు చూశాడు, ఇనప గొట్టాలు చూశాడు, మైకు స్టాండు కూడా చూశాడు. లేచి తల గోక్కున్నాడు. "కరెంటేం లేదండీ. చుక్క కూడా లేదు."

"లేకపోతే అంతమందీ ఒక్కసారే ఎందుకు కొయ్యబారారయ్యా?" అని జనం మీద పడ్డారు.

ఆయన చుట్టూ చూసి కూతుర్ని పిలిచాడు. "హేమా, నువ్వక్కడ నేర్చుకున్నావుగా. ఏంటమ్మా అది?"

మైదానం మొత్తంలో అదేమిటో తెలిసింది ఇద్దరికే. హేమ తండ్రి వంక చూసింది. టీచర్ వంక చూసింది. తర్వాత తల దించుకుంది.

"అది అడుగులో భాగం నాన్నా," అంది.

పరువు దక్కింది. కుసుమ టీచర్ ఊపిరి పీల్చుకోవాలి నిజానికి. కానీ ఆవిడకి అంత సిగ్గు జీవితంలో ఎప్పుడూ వెయ్యలేదు. తను నేర్పని అబద్ధమొకటి తన దగ్గరే నేర్చుకుని, ఆ పిల్ల తన కోసం అప్పజెప్పింది. నాలుగేళ్ళు అడుగులు నేర్పి, చివర్లో నేర్పింది ఇదన్నమాట. ఆవిడ గబగబా స్టేజీ ఎక్కి, గుడ్డ చుట్టిన మైకు వాసు చేతిలోంచి లాక్కుంది.

"అది హంసా కాదు, ఏమీ కాదు. నా ఎడమ మోకాలు," అంది. "చేసి చూపించిన రోజు నాకు కాలు పట్టేసింది. నొప్పెట్టి 'స్స్' అన్నాను. చెప్పుకోవడానికి నామోషీ వేసి అడుగులో భాగమన్నాను. ఈ హేమ ఒక్కతే కనిపెట్టి, నొప్పా టీచర్ అని అడిగింది. అడిగినందుకు గజ్జెలు లేవని పంపించేశాను. తప్పు నాది. మీరందరూ నన్ను క్షమించాలి."

గోపీనాథ్ గారు పంచె మీద బురద దులుపుకుంటూ లేచారు.

"చూశారా! ఎంత వినయమో చూశారా! పోయిన సంప్రదాయాన్ని ఒంటి చేత్తో బతికించి, ఆ పేరు తనకి రాకూడదని, పాపం, మోకాలి మీద పెట్టుకుంటోంది. ఇలాంటి గురువులు ఇంకా ఉన్నారండీ!"

చప్పట్లు మొదలయ్యాయి. "కాదండీ, నిజంగా మోకాలేనండీ!" అని ఆవిడ అంటున్న కొద్దీ చప్పట్లు పెరిగాయి. దుర్గాశ్రీనివాస్ కళ్ళు తుడుచుకుంటూ అదంతా వెబ్‌సైటు కోసం వీడియో తీశాడు. నిర్వాహకులు పట్టుబట్టి శాలువా కప్పారు. శాలువా మీద కూడా, శ్యాంబాబు చలవ వల్ల, హంసలే.

జనం పల్చబడ్డాక ఆవిడ శాలువా మడిచి చంకలో పెట్టుకుని, చెరుకు రసం బండి దగ్గర మత్తయి వాళ్ళని పట్టుకుంది. ఆవిణ్ణి చూడగానే మత్తయి చేతులు జోడించాడు. "మీ ప్రోగ్రాం పాడు చేశానండి టీచర్ గారూ. వానొచ్చిందిగా, నా బుర్ర అటే పోయింది."

"మీరేం పాడు చెయ్యలేదండీ. నొప్పి చూసి నొప్పి అనుకున్నది మీ తండ్రీకూతుళ్ళిద్దరే," అని ఆవిడ హేమ వైపు తిరిగింది. "నీకు తెలుసుగా నిజం. మరి అలా ఎందుకు చెప్పావమ్మా?"

"మీరు చెప్పిందే చెప్పానండి," అంది హేమ. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని కుసుమ టీచర్‌కి అనిపించింది.

"ఆదివారం రా. గజ్జెలు కడతాను. ధనమ్మ గారూ, శనివారం మీ ప్రార్థన పెట్టుకోండి. ఈ పిల్ల లేకపోతే నా క్లాసుకి కళ్ళు లేవండీ."

ధనమ్మ కూతురి వంక చూసింది. హేమ సరేనన్నట్టు తలూపింది.

ఆదివారం ఏడింటికే కుసుమ టీచర్ మెట్ల దగ్గర ఫ్లెక్సీ మీద మూడో మాటకి తెల్లకాగితం అంటించేసింది. హేమ కొత్త గజ్జెలు గుడ్డలో మూట కట్టుకుని తెచ్చింది. పూజ చేసి, ఆవిడే నేల మీద కూర్చుని, తన చేతులతో ఆ పిల్ల కాళ్ళకి గజ్జెలు కట్టింది. కడుతుంటే ముడి రెండుసార్లు జారింది. "చెయ్యమ్మా," అంది.

హేమ ఎగిరింది, తిరిగింది, ఎడమకాలి మీద దిగింది. చెయ్యి నడుం మీద పడింది. సరిగ్గా ఒకటిన్నర అక్షరాల సేపు కొయ్యబారి, పళ్ళ మధ్యనుంచి 'స్స్' అంది. ముప్పై రెండు మందిలో ఎవ్వరూ అంత బాగా చెయ్యలేదు.

"ఇంట్లో నేర్చుకున్నాను టీచర్," అంది హేమ. "ఇప్పుడు వస్తోంది."

కుసుమ టీచర్ నేల మీద చెయ్యి ఆనించి మెల్లిగా లేచింది. "వద్దమ్మా. అది ఇంక వద్దు. అందరూ వినండి, ఈ రోజు నుంచీ తిరుగుడులో ఆ చెయ్యి తీసెయ్యండి, ఊపిరి తీసెయ్యండి, దిగి తిన్నగా నిలబడండి. ఎవరికైనా ఏమన్నా అడగాలనిపిస్తే అడగండి. నేనేమీ అనను."

"సరే టీచర్," అన్నారు పిల్లలు. అందరూ వరసలో నిలబడి ఎగిరారు, తిరిగారు, చెయ్యీ లేదు, ఊపిరీ లేదు, తిన్నగా దిగారు. ఐదు వారాలు నేర్చుకున్నది ఐదు నిమిషాల్లో తీసేశారు. కుసుమ టీచర్ కర్ర ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క మొహం వంకా ఆశగా చూస్తూ చాలాసేపు కూర్చుంది.

ఎందుకు తీసెయ్యమన్నారని ఒక్కరూ అడగలేదు, హేమతో సహా.